మూడో నంబరు గది కుళాయి

మా ఇంటి గుమ్మం మీద ‘సీ వ్యూ’ అని రాసి ఉండేది. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే సముద్రం కనబడాలంటే మేడ మీద మూడో నంబరు గదిలోకి వెళ్ళి, కిటికీలో ఓ మూలకి ఒదిగి నిలబడి, చెంప అద్దానికి ఆనించాలి. అప్పుడు ఎదురింటి పొగగొట్టానికీ చర్చి గోడకీ మధ్య చారెడు నీళ్ళు కనిపిస్తాయి. ఆ చారెడు నీళ్ళ కోసమే లీడ్స్ నుంచి బ్రెత్‌వైట్ దంపతులు ఏటా జులైలో వచ్చి, శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఆ గదే కావాలని పట్టుబట్టేవారు. ఆయన వృత్తికి ప్లంబరు. వారమంతా నీళ్ళతోనే పని. సెలవుల్లో కూడా నీళ్ళే చూడాలి ఆయనకి.

ఆ గది మాది. నాదీ, మా ఆయన క్లిఫర్డ్‌దీ. అంటే, అక్టోబరు నుంచి మే దాకా మాది.

బ్రిడ్లింగ్టన్‌లో సెలవులకొచ్చేవాళ్ళకి గదులూ భోజనం ఇచ్చి బోర్డింగు నడిపే వాళ్ళందరిదీ అదే వరస. మే చివర విట్సన్ పండగ సెలవులు వచ్చాయంటే ఇంటివాళ్ళు తమ పడకగదులు అతిథులకి ఇచ్చేసి, తాము వంటింట్లోనో, పెరట్లో షెడ్డులోనో సర్దుకునేవారు. ఎదురింటి ఎడ్నా వాళ్ళ తమ్ముడు ఒక ఆగస్టు నెలంతా స్నానాల తొట్టిలో పరుపు వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుతూనే స్నానానికి వచ్చిన ఓ పెద్దావిడ తొట్టిలో మనిషిని చూసి పెట్టిన కేకకి వీధి వీధంతా లేచింది. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. సీజన్ కదా అనుకున్నారు, మళ్ళీ పడుకున్నారు.

మా ఇంట్లో క్లిఫర్డ్ షెడ్డులో పడుకునేవాడు. నేనూ, మా అత్తగారు హెస్టరూ వంటింట్లో రెండు మడత మంచాల మీద. పెళ్ళయిన ఏడేళ్ళలో ఒక్క వేసవిలో కూడా నేను నా మొగుడి పక్కన పడుకోలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు, చెప్పకపోతే నిద్రచేటు.

నేను చెప్పేది డెబ్బై మూడో సంవత్సరం వేసవి మాట. ఇంగ్లండు జనం అప్పటికే స్పెయిన్ వెళ్ళి ఎండకి కాలి ఎర్రబడి రావడం మొదలుపెట్టారు. మా అత్తగారికి ఆ దేశం పేరెత్తితే చాలు, ఒళ్ళు మండేది. వచ్చే నలుగురూ రాకుండా పోతారేమోనని ఆవిడ భయం.

విట్సన్ ముందురోజు మంచానికి ఎదురుగా ఉన్న మా పెళ్ళి ఫోటో దించడం నా పని. దాని వెనక గోడకాగితం మీద పూలు ఇంకా కొత్తగా ఉండేవి. చుట్టూ మాత్రం ఎండకి వెలిసిపోయాయి. మధ్యలో మేకు ఒక్కటే మిగిలేది.

“ఆ మేకు కూడా పీకెయ్యరాదూ?” అంది అత్తగారు, దుప్పట్లు మోసుకొస్తూ.

“అక్టోబరులో మళ్ళీ కొట్టాలిగా, అత్తయ్యా.” ఫోటో తువ్వాలులో చుట్టాను. చాలా రోజులుగా నోట్లో నానుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది. “ఈ ఒక్క ఏడూ ఈ గది మాకు వదిలెయ్యకూడదా?”

ఆవిడ దుప్పట్లు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. “ఒంట్లో బాగానే ఉందా అమ్మాయ్?”

“బాగానే ఉంది. అందుకే అడుగుతున్నా. మా మంచం మీద మేం పడుకుంటామంటున్నా, అంతే.”

“మిఠాయి కొట్టు వాడు లడ్డూలు తింటూ కూచుంటే కొట్టు నడుస్తుందా? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. సెప్టెంబరు ఎంతలో వస్తుంది?”

సెప్టెంబరు ఎంతలో వస్తుంది! మా వీధిలో ఆడవాళ్ళందరి నోటా అదే మాట. కాళ్ళు వాచినా అదే, నడుం పట్టేసినా అదే. ఆ మాటంటే నాకు ఎంత మంటో చెప్పలేను. నేను ఫోటో పట్టుకుని కిందికి వెళ్ళి, నా మడత మంచం కింద దాచుకున్నాను.

జూన్ గడిచింది. పొద్దున్నే గుడ్లు, బేకను వేయించడం, పదయ్యేసరికి అతిథులందరినీ బయటికి సాగనంపి తలుపు వేసెయ్యడం, సాయంత్రం అయిదింటి దాకా ఎవర్నీ లోపలికి రానివ్వకపోవడం. వానొచ్చినా వరదొచ్చినా అదే పద్ధతి, మా అత్తగారు పెట్టింది. “సముద్రం చూడ్డానికి వచ్చారు, మన మొహాలు చూడ్డానికి కాదు,” అనేది. వాళ్ళు అటు వెళ్ళగానే మేం పక్కలు దులిపి, మెట్ల మీది ఇసుక ఊడ్చి, మళ్ళీ వంటకి దిగేవాళ్ళం. సముద్రం మా ఇంటికి రెండు వీధుల అవతలే. మే నుంచి సెప్టెంబరు దాకా అందులో కాలు పెట్టే తీరిక ఉండేది కాదు.

నాకూ క్లిఫర్డ్‌కీ దొరికే సమయం రాత్రి భోజనాల గిన్నెలు కడిగాక, పెరటి మెట్టు మీద కూచుని మర్నాటికి బంగాళాదుంపలు చెక్కు తీసే కాసేపే. జులై మొదట్లో ఒకనాడు అలా కూచున్నప్పుడు నా చేతిలోంచి కత్తి జారింది. తియ్యడానికి వంగినదాన్ని, అలాగే ఏడుస్తూ ఉండిపోయాను.

“తెగిందా?” అన్నాడు కంగారుగా.

“తెగలేదు.”

“మరేంటే, ఈనిడ్?”

“నీ గురక విని నెల దాటింది, క్లిఫ్.”

అతను తెల్లబోయాడు. చలికాలమంతా నేను అతన్ని తిట్టేది ఆ గురక గురించే మరి. దాని కోసం ఏడుస్తానని పెళ్ళినాడు ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. క్లిఫర్డ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి బంగాళాదుంపల మట్టి ఉంది. తల్లి ముందు నోరెత్తే మనిషి కాదని నాకు తెలుసు, అందుకే ఏమీ ఆశించలేదు.

మర్నాడు పొద్దున్న గుడ్లు వేయిస్తూ, వెనక్కి తిరక్కుండా అన్నాడు: “అమ్మా, వచ్చే శుక్రవారం నుంచి ఆదివారం దాకా నేనూ ఈనిడూ ఊళ్ళో ఉండం.”

అత్తగారి చేతిలో టీ కూజా ఆగిపోయింది. “ఎవరు పోయారు?”

జులైలో బోర్డింగు వదిలి వెళ్ళాలంటే మా వాళ్ళకి తెలిసిన కారణం అదొక్కటే.

“ఎవరూ పోలేదు. విట్బీ వెళ్తున్నాం. సముద్రం చూడ్డానికి.”

“ఇక్కడున్నదేంట్రా? ఉప్పు చెరువా?”

“ఇది చూడ్డానికి తీరిక లేదుగా.”

“బ్రెత్‌వైట్ వాళ్ళొచ్చే శుక్రవారం! ఇల్లు నిండా జనం! నన్నొక్కదాన్ని...” ఆవిడ మాట మధ్యలో ఆపేసి నా వైపు తిరిగింది. “ఇది నీ పనేనా?”

“నాకూ ఇప్పుడే తెలిసింది, అత్తయ్యా.”

“వెళ్ళండి, వెళ్ళండి,” అంది ఆవిడ, కూజా ఠక్కున బల్ల మీద పెట్టి. “మీ బదులు పక్కింటి పిల్లని సాయం తెచ్చుకుంటాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.”

స్కార్‌బరో దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు. కొండల మీద ఊదారంగు పొదలు, మధ్యలో గొర్రెలు. ప్రయాణంలో నాలుగుసార్లు నేను అతిథుల తువ్వాళ్ళ గురించి మాట్లాడబోతే నాలుగుసార్లూ క్లిఫర్డ్ నా నోట్లో పిప్పరమెంటు పెట్టాడు.

విట్బీలో మేం దిగిన బోర్డింగు మిసెస్ వెదరిల్ అనే ఆవిడది. తలుపు తీస్తూనే మా చెప్పుల వంక చూసింది, ఇసుక ఉందేమోనని. నా ప్రాణం లేచొచ్చింది. అచ్చం మా అత్తగారే. “మేడ మీద, ముందు గది. స్నానానికి ముందుగా చెప్పాలి. పొద్దున్న పదింటికల్లా బయటికి,” అంది.

గది చిన్నదే అయినా చక్కగా ఉంది. కిటికీలోంచి చెంప ఆనించక్కర్లేకుండానే రేవంతా కనిపించింది, కొండ మీద పాడుబడిన మఠం గోడలతో సహా. నేను మాత్రం దుప్పటి అంచులు ఎలా మడిచారో చూశాను. అలమర మీద వేలు పెట్టి దుమ్ముందేమో చూశాను.

“ఈనిడ్, నువ్వు అతిథివే,” అన్నాడు క్లిఫర్డ్.

“తెలుసులే. ఏదీ, ఒక్క నిమిషం.”

అప్పుడు చూశాను, మంచానికి ఎదురుగా గోడ మీద. వెలిసిన కాగితం మధ్య వెలవని ముక్క. ఫోటో అంత. పైన ఒక మేకు.

క్లిఫర్డ్ చూడలేదు. అతను అప్పటికే బూట్లు విప్పి, జులైలో మంచం మీద వెల్లకిలా పడుకున్న సంతోషంలో ఉన్నాడు. నేను చెప్పలేదు. దీపం తీసేసి పక్కన పడుకున్నాను. కోరుకున్న గురక చెవి పక్కనే వినిపించింది. కళ్ళు మూసినా తెరిచినా నాకు ఆ మేకే కనిపించింది.

పొద్దున్న లేవగానే నా చేతులు వాటంతటవే పక్క దులిపి, దుప్పట్లు ఊడదీసి, మురికివి తలుపు దగ్గర కుప్ప పెట్టాయి. కింద ఫలహారం అవగానే క్లిఫర్డ్ తన పళ్ళెం, నా పళ్ళెం, పక్క బల్ల మీద ముసలాయన ఇంకా తింటున్న పళ్ళెం కూడా ఎత్తుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ముసలాయన ఫోర్కు గాల్లోనే ఉంది. మొగుణ్ని వెనక్కి లాక్కురావడానికి నేనూ వెళ్ళాను. మిసెస్ వెదరిల్ నడుం మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని ఇద్దర్నీ చూసింది.

“ఏ ఊళ్ళో మీ బోర్డింగు?”

“బ్రిడ్లింగ్టన్,” అన్నాడు క్లిఫర్డ్, దొంగ దొరికినట్టు.

“అనుకున్నా. పక్క ఊడదీసి పెట్టారని మా అమ్మాయి చెప్పింది. ఈ ఇరవై ఏళ్ళలో సెలవులకొచ్చి పక్క ఊడదీసిన వాళ్ళు నలుగురు. నలుగురూ బోర్డింగు వాళ్ళే.”

ఆవిడ నవ్వుతోంది కానీ నా చూపు తలుపు వెనక్కి పోయింది. అక్కడ గోడకి చేరవేసి రెండు మడత మంచాలు. పొయ్యి దగ్గర ఆవిడ కూతురు మేవిస్, నిద్ర చాలని కళ్ళతో గుడ్లు వేయిస్తోంది. చేతికి పెళ్ళి ఉంగరం. పెరటి తలుపు తీసి ఉంది, ఆవల షెడ్డు గుమ్మంలో ఒకబ్బాయి బూట్లు తొడుక్కుంటున్నాడు. నన్ను నేను అద్దంలో చూసుకున్నట్టయింది.

పదింటికి మమ్మల్ని బయటికి పంపి తలుపు వేశారు. కుండపోతగా వాన. సముద్రం ఒడ్డున ఒక చూరు కింద బల్ల దొరికితే కూచున్నాం. అక్కడ అప్పటికే మాలాంటివాళ్ళు పదిమంది దాకా ఉన్నారు, వానకోట్లలో, కోడిపిల్లల్లా దగ్గర దగ్గరగా. ఒకాయన ఫ్లాస్కు మూత తీస్తూ, “అటు పక్క తెరిపిస్తున్నట్టుంది,” అన్నాడు. అటు పక్క ఇంకా నల్లగా ఉంది. అందరూ తలూపారు.

“ఏడేళ్ళుగా మన అతిథుల్ని ఇలా తరిమేస్తున్నాం,” అన్నాను.

“అమ్మ పద్ధతి,” అన్నాడు క్లిఫర్డ్. “మా నాన్న ఆ షెడ్డులోనే పోయాడు, తెలుసా?”

ఆయన ఆగస్టులో పోయారని తెలుసు. షెడ్డులో అని నాకెవరూ చెప్పలేదు.

“ఇల్లు నిండా జనం. పొద్దున్న లేపడానికి వెళ్ళి చూసింది అమ్మ. తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, అందరికీ గుడ్లు వేయించింది. వాళ్ళు తిని బయటికెళ్ళాకే డాక్టరుకి కబురు పెట్టింది. సెలవులకొచ్చిన వాళ్ళకి ఆ మాట చెప్పడం ఎందుకంది. ఆ వారం నాన్న మంచం మీద హల్ నుంచి వచ్చిన ఎవరో ఉన్నారు.”

“నువ్వెక్కడున్నావ్?”

“నేను పళ్ళేలు అందించాను.” అతను సముద్రం వైపే చూస్తున్నాడు. “నాకు పదిహేనేళ్ళు. అమ్మ ఏడవలేదు కాబట్టి నేనూ ఏడవలేదు.”

నేను అతని చెయ్యి నా కోటు జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి ఆ ఫ్లాస్కాయన మాటే నిజమైంది. ఎండ వచ్చింది. నా జీవితంలో సుఖపడ్డ రోజులేవంటే ఆ మధ్యాహ్నాన్నే మొదట చెబుతాను. క్లిఫర్డ్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు, నేను మేజోళ్ళు విప్పేశాను. నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. ఇద్దరం చేతులు పట్టుకుని కేకలు పెట్టాం, చిన్నపిల్లలు మమ్మల్ని చూసి నవ్వేంతగా. రేవు గోడ మీద కూచుని కాగితంలో చుట్టిన చేపా చిప్సూ తింటుంటే ఒక సీగల్ పక్షి క్లిఫర్డ్ చేతిలోంచి చేపంతా ఎత్తుకుపోయింది. అతను లేచి దాన్ని తిట్టిన తిట్లు నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. ఇన్ని తిట్లు వచ్చా నీకు అంటే, షెడ్డులో ఒక్కణ్నే ఉన్నప్పుడు సాధన చేస్తానన్నాడు. తరవాత అద్దె కుర్చీల్లో పడి నిద్రపోయాం. లేచేసరికి ముక్కులు ఎర్రగా కాలాయి. స్పెయిన్ ఏం చెయ్యగలదు అంతకన్నా?

ఆదివారం పొద్దున్న సంచీ సర్దుకుని దిగుతుంటే మెట్ల మీద మేవిస్ ఎదురైంది, చేతుల నిండా శుభ్రమైన దుప్పట్లతో. మా తరవాత వచ్చేవాళ్ళకి.

“ఫోటో ఎక్కడ దాచావు?” అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆగింది. తరవాత బుగ్గలు ఎర్రబడ్డాయి. “పిండి డబ్బా వెనక. మీరో?”

“మంచం కింద. తువ్వాలులో.”

“ఫర్లేదులెండి,” అంది మేవిస్. “సెప్టెంబరు ఎంతలో వస్తుంది.”

ఆ పిల్ల చెంప మీద చెయ్యి వేసి దిగిపోయాను.

బస్సులో క్లిఫర్డ్‌కి మేకు సంగతి చెప్పాను. “నేనింక గది అడగను,” అన్నాను. “ఆ పిల్లని వంటింట్లోకీ, దాని మొగుణ్ని షెడ్డులోకీ పంపి దాని మంచం మీద పడుకొచ్చాను. మళ్ళీ ఇంటికెళ్ళి నా మంచం నాకిమ్మని ఏ మొహం పెట్టుకుని దెబ్బలాడను?” క్లిఫర్డ్ ఒళ్ళో అత్తగారి కోసం కొన్న పొగబెట్టిన చేపల పొట్లం ఉంది. బస్సంతా ఆ వాసనే.

ఇల్లు చేరేసరికి అతిథులు సాయంత్రపు భోజనం ముగించి మళ్ళీ షికారు వెళ్ళారు. అత్తగారు వంటింట్లో వేడినీళ్ళ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని కూచుంది. రెండు రోజుల్లో మనిషి వాడిపోయింది.

“ఎలా ఉంది సముద్రం?”

“తడిగా ఉంది, అత్తయ్యా.”

“నేను చెబితే విన్నారా?” పొట్లం వాసన చూసింది. “విట్బీ వాళ్ళకి ఇదొక్కటి చేతనవును.”

నేను కోటు విప్పి, తలుపు వెనక నుంచి నా మడత మంచం లాగబోయాను.

“అదెందుకు లాగుతున్నావ్?”

“పడుకోవాలిగా.”

“మూడో నంబరులో కుళాయి పాడైంది,” అంది అత్తగారు, బేసిన్ వంక చూస్తూ. “కారుతోంది. ఆ గది ఇంక ఎవరికీ ఇవ్వడానికి లేదు.”

“మరి శనివారం బ్రాడ్‌ఫర్డ్ నుంచి వచ్చేవాళ్ళు?”

“ఎడ్నాకి ఇచ్చేశా.”

క్లిఫర్డ్ కుర్చీ పట్టుకున్నాడు. ఎదురింటి ఎడ్నాకి మా అత్తగారు తన జన్మలో అగ్గిపుల్ల ఇచ్చి ఎరగదు. అతను పానా పట్టుకుని మేడ మీదికి పరుగెత్తాడు. దిగొచ్చి, “అమ్మా, చుక్క కూడా కారట్లేదే!” అన్నాడు.

“కారుతోందన్నాను.”

“బ్రెత్‌వైట్ గారు రెండ్రోజులూ ఆ గదిలోనే ఉన్నారు కదా, ఆయన ప్లంబరు...”

“ఒరేయ్, కారుతోందని చెప్తున్నానా?”

క్లిఫర్డ్ పానా బల్ల మీద పెట్టేశాడు. పొయ్యి మీద కేటిల్ సన్నగా కూస్తోంది. అత్తగారు తుడుచుకునే తువ్వాలు వేళ్ళకి చుట్టుకుంటూ, ఎవరితోనూ కానట్టుగా మాట్లాడింది.

“శుక్రవారం రాత్రి పెరటి తలుపు గొళ్ళెం పెడదామని వెళ్ళాను. షెడ్డు తలుపు తీసుంది. లోపల మంచం ఖాళీ. మీరు విట్బీలో ఉన్నారని తెలుసు. తెలుసుండి కూడా కాళ్ళూ చేతులూ ఆడలేదు.” ఆవిడ కాళ్ళు బేసిన్లోంచి పైకెత్తింది. “నీళ్ళు చల్లారిపోయాయి, అమ్మాయ్. ఆ కేటిల్ ఇలా పట్రా.”

నేను నీళ్ళు పోశాను. నా చెయ్యి ఆవిడ మోకాలి మీద కాస్త ఎక్కువసేపే ఆగింది. ఆవిడ తొయ్యలేదు.

ఆ సాయంత్రం జులై నెల ఎండ ఇంకా కిటికీలో ఉండగానే మా పెళ్ళి ఫోటో మేకుకి తగిలించాను. వెలవని పూల మీద సరిగ్గా కూచుంది. ఆ రాత్రంతా క్లిఫర్డ్ గురకకి నాకు కన్ను మూతపడలేదు. ఎంత హాయిగా ఉందో!

మరుసటి ఏడు జులైలో, కుళాయి పాడైందని ముందే ఉత్తరం రాసి, బ్రెత్‌వైట్ గారికి అయిదో నంబరిచ్చాం. దాని కిటికీ చేపల కొట్టు వెనకవైపుకి ఉంటుంది. ఆయన తన పనిముట్ల పెట్టెతో సహా దిగాడు. “ఒక్క అయిదు నిమిషాలు, హెస్టర్ గారూ. వాషరు మారిస్తే సరిపోతుంది,” అంటూ మెట్లెక్కబోయాడు. మా అత్తగారు మెట్ల మధ్యలో నిలబడి రెండు చేతులూ బార్లా చాపింది. “సెలవులకొచ్చిన మనిషితో పని చేయించుకునే ఇల్లు కాదిది!” అంది. పాపం, ఆయన వచ్చినప్పుడల్లా అడిగేవాడు. ప్రతి ఏడూ విట్సన్‌కి ముందురోజు ఆవిడ మేడ ఎక్కి, కుళాయి తిప్పి చూసి, “ఇంకా కారుతోంది,” అని ప్రకటించి దిగేది.

ఆవిడ పోయింది కూడా ఆగస్టులోనే. చాలా ఏళ్ళ తరవాత. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాక నేనూ క్లిఫర్డూ ఆవిణ్ని మోసుకెళ్ళి మూడో నంబరులో పడుకోబెట్టాం. మేం కింద మడత మంచాలు వేసుకున్నాం. గదులు ఖాళీ లేవన్న బోర్డు కిటికీలో పెట్టి, ఉన్నవాళ్ళు వెళ్ళిపోయాక ఇంకెవర్నీ రానివ్వలేదు.

ఒకనాటి పొద్దున్న టీ పట్టుకెళితే దుప్పటి తోసేసి లేవబోతోంది. మనిషిలో సత్తువ మిగల్లేదు గానీ కంగారు మాత్రం పాతదే.

“ఏ నెలే ఇది?”

“ఆగస్టు, అత్తయ్యా.”

“ఆగస్టులో నన్నిక్కడ పడుకోబెట్టారేంటి? వచ్చేవాళ్ళు వస్తారు. లేవనియ్యి, పక్క మార్చాలి.”

“ఎవరూ రారు. ఈ గదిలో కుళాయి పాడైంది.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. తరవాత గోడ మీద ఫోటో వైపు, కిటికీ వైపు. మెల్లగా తల దిండు మీద వాల్చి, నా చెయ్యి పట్టుకుంది.

“బాగు చేయించకే,” అంది.